వసారా గోడ మీది కొండ

మా ఇంటి వసారా గోడను ప్రభుత్వం పట్టుకుపోయింది. తిరిగి ఇవ్వదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. గోడ ఉండాల్సిన చోట నీలం టార్పాలిన్ కట్టి ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

ఆ గోడ మీద ఒక మరక ఉండేది. అది నా భార్య మంగాయమ్మ తల మరక. కాపురానికి వచ్చిన ఏడాది నుంచి పోయేదాకా, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆవిడ ఆ గోడకు ఆనుకుని కూర్చుని కొబ్బరాకుల ఈనెలు చీల్చేది. మాది కోనసీమ. ఇక్కడ తలకు నూనె రాసుకోవడంలో ఎవరూ పిసినారితనం చూపించరు. ఆవిడ అసలు చూపించేది కాదు. ఆ నూనె గోడకు పట్టింది. మొదట రూపాయి బిళ్ళంత, తర్వాత అరిసెంత, చివరికి చేటంత అయింది.

ఏటా ఉగాదికి ముందు ఆవిడే సున్నం కొట్టేది. గోడ తెల్లబడేది. వానలు మొదలయ్యేసరికి మరక సున్నం కిందనుంచి మళ్ళీ పైకి వచ్చేది. ముందు లేత పసుపుగా, ఆ తర్వాత ముదురుగా. ఏళ్ళ తరబడి నూనె తాగిన గోడ సున్నానికి లొంగదు.

"పొమ్మంటే పోదు, మీకు మల్లే," అనేది.

"పోనిదానికి సున్నం ఎందుకు కొడతావు?"

"దానికీ పండగ ఉండాలి కదండీ."

ఆవిడ పోయాక ఆ ఒక్క గోడకు నేను సున్నం వెయ్యలేదు. మిగతా ఇంటికంతా వేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

ఇలా ఉండగా ప్రభుత్వానికి నైరూప్య చిత్రకళ మీద ప్రేమ పుట్టింది. ఎందుకు పుట్టిందో తెలియదు. అంతకుముందు ఏడు పుట్టగొడుగుల మీద పుట్టింది. అప్పుడు మా ఊళ్ళో కట్టిన పుట్టగొడుగుల షెడ్డులో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. ఈసారి రాష్ట్ర నైరూప్య వికాస సంస్థ అని ఒకటి పెట్టారు. ప్రకృతి దృశ్యం, జ్ఞాపకం ఆధారంగా రూపొందిన నైరూప్య చిత్రం ఒకటి ప్రతి మండలంలోనూ ఉండితీరాలని, మార్చి నెలాఖరులోగా దానిని గుర్తించి నివేదించాలని ఉత్తర్వు వేశారు. అటువంటి చిత్రం లేని మండలం వెనకబడిన మండలంగా పరిగణింపబడును అని కింద రాశారు.

మా మండలంలో బొమ్మలు వేసేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు లారీల వెనక నెమళ్ళు వేస్తాడు. నెమలికి రూపం ఉంది కాబట్టి పనికిరాదన్నారు.

మార్చి ఆఖర్లో ఒక మధ్యాహ్నం సంస్థ వారి జీపు మా వీధిలో ఆగింది. అందులోంచి దిగినాయన డిప్యూటీ డైరెక్టర్ హేమసుందరరావు. చెమటలు కారిపోతున్నాయి. మంచినీళ్ళు అడిగి, వసారాలో కూర్చుని, చెంబు ఎత్తి తాగుతూ గోడ వైపు చూశాడు. తాగడం ఆపేశాడు.

"పెద్దాయనా, ఈ కృతి ఎవరిది?"

"ఏ కృతండీ?"

"ఆ గోడ మీద ఉన్నది."

"అది మరకండి."

"మరక అనేది ప్రాథమిక దశలో అందరూ అనే మాట," అన్నాడు హేమసుందరరావు. "నైరూప్యం అంటే తెలుసా? రూపానికి లొంగనిది. చూసినవాడికి ఇది ఫలానా అని చెప్పడానికి వీలుండదు."

అటువంటిది మా ఊళ్ళో ఇంకొకటి ఉందని, కావాలంటే దాన్ని తీసుకోమని మా ఊరి రోడ్డు చూపించాను. అది వేరే శాఖ అన్నాడు.

ఈలోపు జీపును చూసి పక్కింటి భూలోకం వచ్చాడు. వాసంశెట్టి భూలోకం మంగాయమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నేను వాడికి బావనయ్యాను. అంతకుమించి చుట్టరికం లేదు. వాడికి ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ ఒక మాట విసరడం అలవాటు.

"ఆయ్, బొమ్మేనండి!" అన్నాడు. "మా అక్క ఏసిందండి. రోజూ మజ్జాన్నం కూకుని, తలతో ఏసేదండి. ఆవిడికి సెయ్యి కాళీ ఉండేది కాదు మరి!"

"ఒరే భూలోకం," అన్నాను.

"ఉండు బావా. సారు అడుగుతుంటే సెప్పొద్దా?"

హేమసుందరరావు అప్పటికే ఫైలు తెరిచాడు. "చిత్రకారిణి పేరు?"

"మంగాయమ్మండి," అన్నాడు భూలోకం.

"మాధ్యమం?"

"అంటే ఏటండి?"

"దేనితో వేశారు?"

"కొబ్బరినూనెండి."

"తైలచిత్రం," అని రాసుకున్నాడు ఆయన. ముఖం వెలిగింది. "ఎంతకాలం పట్టింది?"

"ఆవిడ బతికినంత కాలమూ పట్టింది," అన్నాను నేను. అది కోపంతో అన్నాను. ఆయన దాన్ని కూడా రాసుకున్నాడు. సాక్షి సంతకం కావాలంటే భూలోకం నవ్వుతూ పెట్టాడు. మీ మండలం వెనకబడలేదు అని హేమసుందరరావు ఇద్దరితోనూ చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. చెంబులో నీళ్ళు సగం అలాగే ఉన్నాయి.

"సరదాకన్నాను బావా," అన్నాడు భూలోకం.

నేను చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

వారం తిరగకుండా నిపుణురాలు వచ్చింది. పేరు డాక్టర్ వైజయంతి. ఆవిడ మా గోడను మొదట కళ్ళు మూసుకుని చూసింది. తర్వాత కళ్ళు తెరిచి చూసింది. తర్వాత గోడకు వీపు పెట్టి నిలబడి, చూడకుండా చూసింది. అప్పుడు నిట్టూర్చింది.

"కొండ," అంది. "సంధ్యవేళ కొండ. అది మన ముందు లేదు. మన వెనక ఉంది. జ్ఞాపకంలో."

"అది మా ఆవిడ తలండి," అన్నాను.

"అవును! తలే కొండ. కొండే తల. భూమాత తల వాల్చుకున్న క్షణం."

"భూమాత కాదండి. మంగాయమ్మ."

"మీరు ఎక్కువ వివరించకండి," అంది ఆవిడ, నా చెయ్యి పట్టుకుని, జాలిగా. "వివరణ కృతిని గాయపరుస్తుంది."

మరక కింద ఎలక కన్నం ఒకటి ఉంది. దాన్ని గుహగా గుర్తించారు. నేను అందులో ఎప్పుడో కుక్కిన గుడ్డపీలికను లోపలి చీకటి అన్నారు. అది తియ్యరాదని, ఎలకను తరమరాదని నాకు నోటీసు ఇచ్చారు. నేను ఆ గోడకు దగ్గరగా మంచం వేసుకోకూడదు. వసారాలో దగ్గకూడదు. పొయ్యి పెరట్లోకి మార్చుకోవాలి. ఇవన్నీ చేశాను. గోడ నా ఇంట్లో ఉంటే చాలు అనుకున్నాను.

అసలు చిక్కు కొండ దగ్గర వచ్చింది. సంస్థ నిబంధనల ప్రకారం, చిత్రానికి ప్రేరణ అయిన ప్రకృతి దృశ్యం ఎక్కడుందో రెవెన్యూ శాఖ ధ్రువీకరించాలి. లేకపోతే అది ప్రకృతి ప్రేరణ కిందికి రాదు, ఊహ కిందికి వస్తుంది. ఊహకు వేరే సంస్థ ఉంది.

మా ఊళ్ళో కొండ లేదు. మా మండలంలో లేదు. గోదావరి ఒండ్రు పోసిన నేల, అరచెయ్యి చాపితే ఎంత చదునో అంత చదును. మా బడిలో మాస్టారు కొండ బొమ్మ వెయ్యమంటే రెండు త్రికోణాలు వేసి మధ్యలో సూర్యుణ్ణి ఇరికించేవాళ్ళం. కొండను ఎవడూ చూసి ఎరగడు. మాస్టారూ ఎరగడు.

ఈ సంగతి తహసీల్దారుకు కూడా తెలుసు. కానీ పైనుంచి వచ్చిన ఫైలులో కొండ ఉంది. పైనుంచి వచ్చిన కొండను కిందివాడు లేదనడానికి వీల్లేదు. ఆయన రోజంతా ఆలోచించి, సర్వే చేసేవాణ్ణి వెంటబెట్టుకుని మా వసారాకు వచ్చాడు. గోడ దగ్గర కూర్చుంటే ముఖం ఎటు ఉంటుందో చూశాడు. ఎదురుగా వీధి, వీధి అవతల భూలోకం వరిచేను.

"ఈమె ఇటు చూస్తూ కొండను జ్ఞాపకం చేసుకున్నారు," అన్నాడు తహసీల్దారు. "కాబట్టి జ్ఞాపకంలోని కొండ అక్కడ ఉంది."

"అక్కడ వరి ఉందండి," అన్నాను.

"వరి వాస్తవంలో ఉంది. కొండ జ్ఞాపకంలో ఉంది. రెంటికీ ఒకే సర్వే నంబరు ఉండుటకు చట్టంలో అభ్యంతరం లేదు."

ఆ మాటే రాసి ముద్ర వేశాడు. ఆ చేను ఆన్‌లైన్‌లోకి కొండగా ఎక్కింది. ఎక్కించేటప్పుడు జ్ఞాపకం అనే మాట రాయడానికి అక్కడ గడి లేదట. కొండకు ఉంది.

మూడో రోజున కాలవ నీళ్ళు చూసే లస్కరు వచ్చి భూలోకం చేలోకి నీరు పారే తూము తలుపు దించేశాడు. దాళ్వా వరి, అంటే రెండో పంట, అప్పుడు పాలు పోసుకుంటోంది. ఆ దశలో నీరు తప్పితే గింజ ఉండదు, తాలు ఉంటుంది. భూలోకం ఇరిగేషన్ ఆఫీసుకు పరిగెత్తాడు. సాయంత్రం మా వసారాలోకి వచ్చి కూలబడ్డాడు.

"బావా! కొండకి నీరు ఒదలరంట బావా!"

"ఎవరన్నారు?"

"ఆ ఇంజినీరు. కాలవ నీరు పల్లానికి పారుద్ది గానీ ఎత్తుకి పారదు, కొండకి నీరొదిలితే ఇంజినీరింగుకే ఇరుద్దం అంటన్నాడు. నా సేను సూడండి సారూ, నా మోకాలి కన్నా ఎత్తు లేదు అంటే, కంప్యూటర్లో సూపిత్తన్నాడు. కొండ మీద వరి ఎట్టా పండించావని తిరిగి నన్నే నిలదీత్తన్నాడు!"

"నువ్వేమన్నావు?"

"ఏటంటాను? మా తాతల కాలం నించీ పండిత్తన్నామండి అన్నాను. అయితే మీ తాత మీద కూడా కేసు ఉంటాది అన్నాడు."

మర్నాడు గనుల శాఖ వాడు వచ్చి, కొండ ఎత్తు తగ్గింది, గ్రావెల్ ఎక్కడికి తోలావని భూలోకాన్ని అడిగాడు. ఆ మర్నాడు పర్యాటక శాఖ వారి వ్యాను వచ్చింది. తాళ్ళు, హెల్మెట్లు, నడుముకు కొక్కేలతో యువతీయువకులు దిగి, ఒకరి వెనక ఒకరు తాడు పట్టుకుని గట్టు మీద నడుస్తూ చేను అవతలికి చేరి చప్పట్లు కొట్టారు. శిఖరం చేరినట్టు వాళ్ళకు సర్టిఫికెట్లు ఇచ్చారు. ఒక పిల్ల కళ్ళు తిరుగుతున్నాయని కూర్చుంది. ఎత్తు వల్ల అన్నారు.

భూలోకం వాళ్ళను ఏమీ అనలేదు. చేలో నేల పగుళ్ళు చూస్తూ నిలబడ్డాడు. నేను అంతకుముందు ఆ మనిషి నోరు మూసుకుని ఉండగా చూడలేదు.

ఇద్దరం తహసీల్దారు దగ్గరికి వెళ్ళాం. కొండను తీసెయ్యమని అడిగాం.

"కొండను తొలగించే అధికారం నాకు లేదు," అన్నాడు ఆయన. "అది ప్రకృతి. అయితే సదరు కొండ జ్ఞాపకంపై ఆధారపడి ఉన్నందున, జ్ఞాపకాన్ని రద్దు చేసినచో కొండ దానంతట అదే లేకుండా పోవును."

"రద్దు చేసెయ్యండి బాబూ, మీ కాళ్ళకి దండం," అన్నాడు భూలోకం.

"నేను చేయలేను. జ్ఞాపకం గలవారు చేయాలి. చిత్రకారిణి దివంగతురాలు. కాబట్టి ఆమె స్మృతికి వారసుడు భర్త." నా వైపు కాగితం తోశాడు. "నా భార్యను గూర్చి గాని, ఆమె కూర్చున్న గోడను గూర్చి గాని నాకు ఎట్టి జ్ఞాపకమూ లేదు, ఇకమీదట ఉండబోదు అని సంతకం చేయాలి."

నేను లేచి బయటికి వచ్చేశాను.

భూలోకం నా వెనక రాలేదు. బస్సులో కూడా నా పక్కన కూర్చోలేదు. ఊళ్ళో దిగాక నేను ఇంటికి పోకుండా వాడి చేను గట్టు మీదికి వెళ్ళాను. ఆకులు సూదుల్లా చుట్టుకుపోయాయి. ఆ గట్టు మీద మంగాయమ్మ ఏటా కందులు చల్లేది. చేను భూలోకానిది, గట్టు మీద కంది మా అక్కది అని వాడు ఊరందరికీ చెప్పేవాడు. కాయలు కోసే రోజున వాడి పెళ్ళాం, ఈవిడ కలిసి కోసి, చెరి సగం తట్టల్లో తెచ్చుకునేవాళ్ళు. ఈ ఏడు కూడా గట్టు మీద కంది మోళ్ళు ఉన్నాయి. ఎవరు చల్లారో వాడు చెప్పలేదు. నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్నే వాడి అరుగు ముందు నిలబడి, "పద," అన్నాను.

తహసీల్దారు కాగితం తీశాడు. కలం నా చేతికి ఇవ్వబోయి ఆగాడు.

"నిబంధన ప్రకారం విచారించాలి. మీ భార్య పేరేమిటి?"

"మంగాయమ్మ."

ఆయన కలం వెనక్కి తీసుకున్నాడు. "అయితే మీకు జ్ఞాపకం ఉన్నట్టే. అబద్ధపు ధ్రువీకరణ నేరం."

భూలోకం నా మోచెయ్యి పట్టుకున్నాడు. బయట కాలవలో నీళ్ళు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకో వారంలో వేసవికని ఆ కాలవ కట్టేస్తారు.

"మళ్ళీ అడుగుతున్నాను," అన్నాడు తహసీల్దారు. "మీ భార్య పేరు?"

"తెలియదు."

"ఆమె ఎక్కడ కూర్చునేవారు?"

"తెలియదు."

"మంచిది," అని కలం ఇచ్చాడు. సంతకం పెట్టాను. ముద్ర వేశారు. ఆ సాయంత్రానికి తూము ఎత్తారు. భూలోకం చేను బతికింది. నేను భూలోకాన్ని క్షమించలేదు. అది వేరే సంగతి.

ఆ సంతకంతో అయిపోయిందనుకున్నాను. నా తెలివి అంతవరకే. పంట నూర్పిడి కాకముందే హేమసుందరరావు లారీతో, క్రేనుతో, రాయి కోసే మిషనుతో దిగాడు.

"ఇదేమిటండీ?"

"జాతీయం చేస్తున్నాం సూరన్నగారూ. ఇప్పుడు ఈ కృతికి సంబంధించిన జ్ఞాపకం ఎవరి దగ్గరా లేదు. ఎవరికీ జ్ఞాపకం లేని వారసత్వ సంపద ప్రభుత్వానిది. పట్నంలో సంస్థ వారి ప్రదర్శనశాలలో పెడతాం."

"గోడ నాదండి."

"ఇది మీ గోడ అని మీకు జ్ఞాపకం ఉందా?" అని ఆయన మెల్లిగా అడిగాడు. బెదిరించినట్టు లేదు. నన్ను కాపాడుతున్నట్టు అడిగాడు. "ఉందంటే ఆ ధ్రువీకరణ చెల్లదు. చెల్లకపోతే కొండ తిరిగి వస్తుంది. మీ పక్కాయన పంట కొండ మీద పండినట్టవుతుంది. దాన్ని కొనేవాడు ఉండడు. ఆలోచించుకోండి."

వీధి అవతల భూలోకం కోసిన పనలు కుప్ప వేస్తున్నాడు. వేస్తూ ఆగి, మా వైపు చూస్తున్నాడు.

"జ్ఞాపకం లేదండి," అన్నాను.

మరక ఉన్న మేరకే కోసుకోమని మాత్రం అడిగాను. నైరూప్యానికి హద్దు ఉండదు కాబట్టి గోడ మొత్తం తీసుకోవాలన్నారు. ఎలక కన్నంతో సహా కోశారు. ఇనప చట్రం బిగించి, పైన దుప్పట్లు కప్పి, పెళ్ళికూతుర్ని ఎక్కించినట్టు లారీ ఎక్కించారు. దూలం కింద సరుగుడు బాదులు నిలబెట్టి, టార్పాలిన్ కట్టి, నా చేత ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నారు. ఎలక మాత్రం ఉండిపోయింది. దానికి వేరే ఉత్తర్వు కావాలట.

ప్రారంభోత్సవానికి నన్ను పిలిచారు. పూర్వ వారసుడు అని కార్డు మీద రాశారు. నేను వెళ్ళాను. గోడను చూసి రావచ్చని వెళ్ళాను. ఇంకెందుకూ కాదు.

పెద్ద హాలు. చల్లగా ఉంది. గోడ ముందు ఎర్రతాడు కట్టారు. దాని మీద పట్టుగుడ్డ కప్పారు. హేమసుందరరావు ఉపన్యాసం ఇచ్చాడు. డాక్టర్ వైజయంతి ఇచ్చింది. ఎవరో పెద్దమనిషి వచ్చి గుడ్డ లాగాడు.

గోడ తెల్లగా ఉంది. పూర్తిగా తెల్లగా ఉంది. ఎలక కన్నం ఉంది. మరక లేదు.

"పరిరక్షణలో భాగంగా ఉపరితలంపై పేరుకున్న జిడ్డును తొలగించి, మేలురకం సున్నం పూత వేయించడమైనది," అన్నాడు హేమసుందరరావు మైకులో. "పురుగు పట్టకుండా."

నేను పక్కవాళ్ళ ముఖాలు చూశాను. ఎవరైనా నవ్వుతారేమో అని. ఎవరూ నవ్వలేదు. డాక్టర్ వైజయంతి కళ్ళు తుడుచుకుంటోంది.

"ముందు ఇందులో కొండ ఉండేది," అంది. "ఇప్పుడు కొండ కూడా లేదు. కొండ లేకపోవడం మాత్రమే ఉంది. చిత్రకారిణి ఇన్నాళ్ళూ ఎక్కడికి చేరాలనుకుందో అక్కడికి సంస్థ ఈ రోజు ఆమెను చేర్చింది."

చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకావిడ ఏడ్చింది. పక్కావిడ ఆమె వీపు నిమిరింది. తర్వాత మైకు నా ముందు పెట్టి, ఈ క్షణాన మీకు ఏమనిపిస్తోంది అని అడిగారు.

"శుభ్రంగా ఉంది," అన్నాను.

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ మాటను ఇత్తడి రేకు మీద చెక్కించి గోడ పక్కన బిగించారని తర్వాత తెలిసింది. నేను భోజనానికి ఉండకుండా వచ్చేశాను.

ఆ తర్వాత వానలు వచ్చాయి. టార్పాలిన్ మీద చినుకుల చప్పుడుకు మాట వినిపించదు. నాకు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఇబ్బంది లేదు. భూలోకం రోజూ వచ్చి, బాదులు గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు.

అలాంటి ఒక సాయంత్రం హేమసుందరరావు వచ్చాడు. జీపు లేదు, ఫైలు లేదు. తడిసిపోయి వచ్చాడు. వసారాలో కూర్చున్నాడు. ఆనుకోబోయి, గోడ లేదని గుర్తొచ్చి సర్దుకున్నాడు.

"సూరన్నగారూ, అది మళ్ళీ వచ్చింది."

"ఏదండీ?"

"కొండ. ముందు లేత పసుపుగా కనిపించింది. లైటు నీడ అనుకున్నాం. బల్బు మార్చాం. అది ముదిరింది. సున్నం పూత వేయించాం. దాని కిందనుంచి వచ్చింది. మళ్ళీ వేయించాం. మళ్ళీ వచ్చింది." ఆయన గొంతు తగ్గించాడు. "వాచ్‌మన్ ఆనుకుంటున్నాడని సస్పెండ్ చేశాం. అతనికి బట్టతల. డాక్టరు దగ్గర బట్టతల సర్టిఫికెట్ తెచ్చుకుని మళ్ళీ చేరాడు. ఇప్పుడు విచారణ సంఘం వేశారు. లేనిదాన్ని ప్రదర్శిస్తున్నామని ప్రకటించాక ఉన్నది కనిపిస్తే సంస్థ మోసం చేసినట్టవుతుందట. నా ఉద్యోగం మీదికి వచ్చింది."

నేను ఆయనకు చెంబుతో నీళ్ళు ఇచ్చాను.

"మీరొక్కరే చెప్పగలరు. అదెందుకు వస్తోంది? దానికి విరుగుడు ఏమిటి? లోపలికంటా ఇంకి ఉంటే చెప్పండి. ఆ భాగం మొత్తం ఇటుక దాకా చెక్కించి, కొత్తగా సిమెంటు చేయిస్తాను. ఒక్క మాట రాసిస్తే చాలు, రేపే పని మొదలవుతుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది? కారణం తెలియదని రాసుకుని, ఏటా సున్నం వేయిస్తూ పోవాలి. శాశ్వత పద్దు పెట్టాలి. మార్చిలో నిధులు వస్తాయి కాబట్టి ఉగాదికి ముందు వేయించాల్సి ఉంటుంది. వానలకు అది రావడం, ఉగాదికి మేము సున్నం కొట్టించడం. సంస్థ ఉన్నన్నాళ్ళూ ఇదే పని."

వాన గట్టిగా పడుతోంది. నేను ఆయన వైపు చూడలేదు. టార్పాలిన్ వైపు చూశాను.

"చెప్పండి సూరన్నగారూ. ఆ మరక ఎవరిది? ఎలా పడింది?"

"నాకు జ్ఞాపకం లేదండి," అన్నాను. "కాగితం మీ దగ్గరే ఉంది. ముద్ర కూడా వేశారు."

ఆయన లేచి వానలోకి వెళ్ళిపోయాడు. ఈసారి నీళ్ళు పూర్తిగా తాగాడు.

ఆ తర్వాత విచారణ సంఘం నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళలేదు. డాక్టర్ వైజయంతి స్వయంగా వచ్చింది. తలుపు తియ్యలేదు. పక్కన గోడ లేదు కాబట్టి టార్పాలిన్ ఎత్తి చూసింది. అయినా నేను నోరు విప్పలేదు. ఇదంతా ఇక్కడ రాయడానికి భయం లేదు. ఇది కథ. వాళ్ళు ఫైళ్ళు చదువుతారు, కథలు చదవరు.

ఈ ఉగాదికి అక్కడ సున్నం కొట్టారని భూలోకం ఎక్కడో విని వచ్చి చెప్పాడు. విన్నాను. వానలకు ఏమవుతుందో వాడు అడగబోయి, నా ముఖం చూసి ఆగాడు. మంచిపని చేశాడు. వాడు గానీ, మీరు గానీ, ఇంకెవరు గానీ ఈ సంగతి నా దగ్గర ఎత్తవద్దు. నేను మళ్ళీ మాట్లాడను.